ప్రాపర్టీ రూము వాసన

సంక్రాంతికి అరిసెలు వండగా మిగిలిన బెల్లం అచ్చులు రెండు, స్టీలు డబ్బాలో వేసి అటక మీద పెట్టి మరిచిపోయాను. మొన్న ముసురు పట్టినప్పుడు గోడ ఉరిసి డబ్బాలోకి నీళ్ళు దిగినట్టున్నాయి. మూత తీశానో లేదో గుప్పుమంది. మా కోడలు చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, "బయట పారబోసెయ్యండత్తయ్యా, సారా కొట్టులా ఉంది" అంది. పారబొయ్యడానికే దొడ్లోకి నడిచాను. కానీ డబ్బా చేత్తో పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయాను, ఎంతసేపో తెలీదు.

నాకది సారా కొట్టు వాసన కాదు. కోర్టు వాసన. నా మొదటి పోస్టింగు ఊళ్ళో, మేజిస్ట్రేటు కోర్టు వెనక ఉండే ప్రాపర్టీ రూము వాసన.

అప్పటి ప్రకాశం జిల్లాలో పడమటి కొసన ఉండే ఊరది. పలకల గనుల దేశం. ఎండాకాలం పొద్దున తొమ్మిదికే గాడ్పు మొదలయ్యేది. కోర్టు పెంకుల ఇల్లు. ముందు వరండా, మధ్యలో హాలు, పక్కన ఆఫీసు, వెనక ఇనప తలుపుల గది. ఆ గదికీ వరండాకీ మధ్య ఒక సందులాంటి చోటుంటే అందులో బల్లా, కుర్చీ వేసి, "మేడమ్, ఇదే మీ ఆఫీసు" అన్నారు. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ అని బోర్డు రాయించుకోవడానికి గోడ చాల్లేదు. ఎ.పి.పి. అని పొడి అక్షరాలతో సరిపెట్టుకున్నాను.

అవి మద్యనిషేధం రోజులు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన గొడవతో 1993లో సారా పోయింది, 1995 జనవరిలో రామారావు గారు మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో మళ్ళీ ఎత్తేశారు. ఆ రెండేళ్ళూ మా కోర్టుకు మరో కేసు లేదేమో అన్నట్టు ఉండేది. తెల్లారేసరికి క్యాన్లతో, బిందెలతో, లారీ ట్యూబులతో సహా జనాన్ని తెచ్చి వరండాలో కూచోబెట్టేవాళ్ళు. లారీ ట్యూబులో సారా పోసి నడుముకి చుట్టుకుని పైన చీర కట్టుకున్న ముసలమ్మని నేను మొదటిసారి అక్కడే చూశాను. పట్టుకున్న సరుకంతా వెనక గదిలోకి పోయేది. సీలు వేసిన శాంపిలు సీసాలు, కారిపోతున్న క్యాన్లు, ఊట అంటిన కుండలు. వాటి మీద లక్క కాల్చి వేసిన సీళ్ళు. పులిసిన బెల్లం, కాలిన లక్క, గోనెసంచి, ఎలుకలు, అన్నీ కలిసిన వాసన. మధ్యాహ్నం క్యారియరు విప్పితే చారన్నంలో కూడా అదే తగిలేది. ఇంటికెళ్ళి తలస్నానం చేసినా పోయేది కాదు. మా అమ్మ, "నువ్వు చేసేది సర్కారు ఉద్యోగమేనా?" అని అడిగింది ఒకసారి, నవ్వకుండానే.

*

ప్రభుత్వ వకీలంటే సినిమాల్లో లాగా బోను ముందు నిలబడి ముద్దాయిని గద్దించడం అనుకుంటారు. విచారణలు చేశాం, చెయ్యలేదని కాదు. కానీ నా పనిలో ముప్పాతిక భాగం విచారణ మొదలవక ముందే అయిపోయేది. రిమాండు రిపోర్టులు చూడటం, బెయిలు పిటిషన్లకు జవాబు రాయటం, పదిహేను రోజులకోసారి రిమాండు పొడిగింపులు, చార్జిషీటు సరిచూసి పంపటం. ఎవరు జైలుకు పోతారు, ఎవరు ఇంటికి పోతారు అన్నది చాలామంది విషయంలో ఆ ముందు పది నిమిషాల్లోనే తేలిపోయేది. తీర్పు ఎప్పుడో ఏళ్ళకు వచ్చేది. అప్పటికి అది ఎవరికీ పట్టేది కాదు, ఒక్కోసారి ముద్దాయికి కూడా.

చేరిన వారంలో జిల్లా కేంద్రంలో ఉండే ఒక సీనియర్‌ను కలవడానికి వెళ్తే ఆయన కాఫీ ఇప్పించి ఒకే మాట చెప్పారు. "చూడమ్మా, బెయిలు పిటిషన్ ఏదొచ్చినా అభ్యంతరమే రాయి. ఇవ్వదలుచుకుంటే కోర్టు ఇస్తుంది. వాడు బయటికి పోయి ఏదన్నా చేస్తే నీ నెత్తిన ఉండదు." మంచి మనిషే. నా మేలు కోరే చెప్పారు. నేను ఆ సలహాను ఎంత శ్రద్ధగా పాటించానంటే, అభ్యంతరం పత్రాన్ని స్టెన్సిలు కోయించి వంద కాపీలు సైక్లోస్టైలు తీయించి పెట్టుకున్నాను. "ముద్దాయిని బెయిలుపై విడుదల చేసినచో సాక్షులను బెదిరించును, సాక్ష్యాధారములను తారుమారు చేయును, స్థానికుడు కానందున పరారగును." క్రైం నంబరు, పేరు నింపడానికి ఖాళీలు. స్థానికుడైతే ఆ చివరి ముక్క కొట్టెయ్యాలి. చాలాసార్లు కొట్టెయ్యడం కూడా మరిచిపోయేదాన్ని. ఆ వీధిలోనే పుట్టి పెరిగిన మనిషి పరారవుతాడని రాసి సంతకం పెట్టేదాన్ని. ఒక్క వకీలూ పట్టుకోలేదు. చదివితే కదా.

*

నా కుడిచెయ్యి కోర్టు డ్యూటీ హెడ్డు కానిస్టేబులు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. హెడ్డు గారూ అనేదాన్ని. ఆయన చొక్కా జేబులో ఎల్‌.ఐ.సి. వాళ్ళిచ్చిన చిన్న డైరీ ఉండేది. అందులో ప్రతి కేసుకూ ఒక గీత, రోజుకో చుక్క. చిన్న కేసులకు 60 రోజులు, పెద్దవాటికి 90 రోజుల్లోపు చార్జిషీటు పడకపోతే ముద్దాయికి బెయిలు హక్కుగా వచ్చేస్తుంది. అది క్రిమినల్ ప్రొసీజర్ కోడులో సెక్షన్ 167(2). పల్లెల్లో సెక్షన్లు తెలియని వాళ్ళు కూడా "అరవై రోజుల బెయిలు" అంటే అర్థం చేసుకునేవాళ్ళు.

"మేడమ్, యాభై ఏడు" అనేవాడు పొద్దున్నే నమస్కారం కంటే ముందు. ఇక స్టేషనుకు ఫోన్లు. కోర్టులో ఫోను ఒక్కటే, ఆఫీసులో, తాళం వేసి. నేను బజారులో ఎస్‌.టి.డి. బూతుకి పరిగెత్తేదాన్ని. ఎస్‌.ఐ. బందోబస్తులో ఉంటాడు, డాక్టరు సర్టిఫికెట్టు రాలేదు, సాక్షుల ఎదుట రాసే మధ్యవర్తుల నామాలో ఒక సంతకం లేదు. యాభై తొమ్మిదో రోజు సాయంత్రం అయిదింటికి మోటారు సైకిలు మీద స్టేషను రైటరు చార్జిషీటు కట్ట పట్టుకుని దుమ్ముకొట్టుకుంటూ వస్తుంటే, వరండాలో అవతలి వకీలు ముఖం వాడిపోయేది. ఆయన చేతిలో పిటిషన్ టైపు కొట్టి సిద్ధంగా ఉండేది, తారీఖు వేస్తే చాలు.

ఆ రోజులు ఎప్పట్నుంచి లెక్కపెట్టాలన్నదీ పెద్ద గొడవే. పట్టుకున్న రోజు నుంచా, రిమాండు చేసిన రోజు నుంచా? రిమాండు నుంచేనని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే. మరి ఆ రిమాండు రోజును కలపాలా వద్దా అన్న సంగతి ముగ్గురు జడ్జీలు కూర్చుని, కలపాలని తేల్చేసరికి 2023 వచ్చింది. అప్పటికి హెడ్డు గారి డైరీలు ఏ చెదలకు పోయాయో. ఆయన మాత్రం ఎప్పుడూ ఒకరోజు ముందే లెక్క ముగించేవాడు. "ఎందుకొచ్చిన పీకులాట మేడమ్" అని.

*

మేజిస్ట్రేటు గారి క్వార్టర్సు మేమున్న అద్దె ఇంటి వెనక వీధి. ఆదివారం రాత్రుళ్ళు జీపు చప్పుడు వినపడితే రిమాండని తెలిసిపోయేది. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి కాబట్టి సెలవైనా, పండగైనా తేవాల్సిందే. నాకక్కడ పని లేదు గానీ, మా మేడ మీంచి వాళ్ళ వరండా కనిపించేది.

ఆయన లుంగీ మీద చొక్కా వేసుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చునేవారు. ట్యూబులైటు చుట్టూ పురుగులు. ముద్దాయి కింద గచ్చు మీద గొంతుకూచుని ఉండేవాడు. వెనక ఎస్‌.ఐ. నిలబడి ఉండేవాడు. "ఏమయ్యా, పోలీసులేమన్నా కొట్టారా?" అని అడిగేవారు. అడగాలి, రాసుకోవాలి. ముద్దాయి ముందు తల వెనక్కి తిప్పి ఎస్‌.ఐ. వంక చూసేవాడు. ఆ తరువాత ఇటు తిరిగి, "లేదయ్యా" అనేవాడు. ఎంతమందిని చూశానో, అందరిదీ అదే వరస. ఆ తల తిప్పటం ఎక్కడా రికార్డు కాదు. "కొట్టలేదని చెప్పినాడు" అని మాత్రం పడేది.

రిమాండు వేళ ముద్దాయి తరఫున మాట్లాడే మనిషే ఉండేవాడు కాదు అప్పుడు. పేదలకు ఉచితంగా వకీలునిచ్చే న్యాయసేవల చట్టం అమల్లోకొచ్చి ఏడాదో, రెండేళ్ళో. అది కాగితాల మీంచి నడిచి మా ఊరు చేరడానికి ఇంకా టైము పట్టింది.

రిమాండు రిపోర్టులన్నీ ఒకే అచ్చు. "ఉదయం 6 గంటలకు ఆర్టీసీ బస్టాండు వద్ద అనుమానాస్పదముగా తచ్చాడుచు, పోలీసు వారిని చూసి పారిపోవుటకు ప్రయత్నించగా..." ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా దొరికినవాడైనా రిపోర్టులో మాత్రం పొద్దున ఆరింటికి మా బస్టాండులోనే దొరికేవాడు. మా మేజిస్ట్రేటు గారు ఒకసారి విసుగెత్తి, "ఏమమ్మా ప్రాసిక్యూటర్ గారూ, జిల్లాలో దొంగలందరికీ ఆరింటి బస్సేనా?" అన్నారు. హాలంతా నవ్వులు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ రిపోర్టు మీదే ముద్దాయిని రిమాండు చేయమని కోరాను.

*

కోర్టు ఆవరణలో పెద్ద వేపచెట్టు. దాని కింద పొద్దున పదింటికల్లా నలుగురైదుగురు పెద్దమనుషులు చేరేవాళ్ళు. తెల్ల పంచె, భుజాన తుండు, చంకలో ప్లాస్టిక్ సంచి. సంచిలో ఇంటిపన్ను రసీదులు, పట్టాదారు పాసుపుస్తకం. వాళ్ళు జామీనుదారులు. మనిషికి మూడొందలు పుచ్చుకుని ఎవరికైనా జామీను పడేవాళ్ళు. అది నేరమని వాళ్ళకూ తెలుసు, మాకూ తెలుసు. వాళ్ళు లేకపోతే సబ్‌జైలు పట్టదనీ అందరికీ తెలుసు.

బోనులోకి ఎక్కగానే మేజిస్ట్రేటు గారు అడిగేవారు. "ముద్దాయి నీకేమవుతాడు?"

"మేనల్లుడండయ్యా."

"పేరేంటి?"

పెద్దాయన వకీలు వంక చూసేవాడు. వకీలు ఫ్యాను వంక చూసేవాడు. ఎవరో వెనక నుంచి గొణిగేవాళ్ళు. "ఆఁ, ఏడుకొండలండయ్యా."

"నిన్నగాక మొన్న ఇంకో మేనల్లుణ్ణి విడిపించావు. మీకు ఎంతమంది చెల్లెళ్ళు పెద్దాయనా?"

"దేవుడి దయండయ్యా."

సంతకాలయ్యాక విడుదల ఉత్తర్వు అటెండరు సైకిలు మీద సబ్‌జైలుకు పోయేది. లోపల లెక్క చూసి తాళం వేసేలోపు చేరాలి. సైకిలు పంక్చరైతే ఇంకో రాత్రి లోపలే. ఒకసారి గంట ఆలస్యమై ఒకడు పెళ్ళి ముహూర్తం తప్పిపోయాడని వేపచెట్టు కింద చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. పెళ్ళి వాడిదేనని కొందరు, వాడి చెల్లెలిదని కొందరు.

*

ఇంతకీ బెల్లం డబ్బా పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయింది ఇవన్నీ గుర్తొచ్చి కాదు. ఆ గదిలో మూల, క్యాన్ల వెనక, గోడకి చేరవేసి ఒక పార ఉండేది. అది గుర్తొచ్చింది.

ఆ ఏడు మా వైపు కాలవ పనులకు పాలమూరు లేబరు దిగింది. గుంపు మేస్త్రి వెంట యాభై, అరవై మంది, ఆడామగా, పిల్లలతో సహా. డేరాలు వేసుకుని ఉండేవాళ్ళు. వానలు పడగానే పని ఆగిపోయి గుంపు గుంపంతా వెళ్ళిపోయింది. ఒకడు మాత్రం మిగిలాడు. భూమిలో వేసిన టెలిఫోన్ కేబుల్ తవ్వి రాగితీగ దొంగిలించాడని కేసు. దొరికింది ఎక్కడనుకున్నారు? పొద్దున ఆరింటికి, బస్టాండులో. చేతిలో పార. ఊరికి పోతూ తన పార తాను పట్టుకుని బస్సు కోసం నిలబడ్డాడో, రిపోర్టులో రాసినట్టు కేబుల్ తవ్వి వచ్చి నిలబడ్డాడో నాకిప్పటికీ తెలీదు. మధ్యవర్తుల నామాలో రెండు కిలోల రాగితీగ, ఒక పార. నేరమునకు ఉపయోగించిన పార అని రాశారు.

వాడిది నలభై ఉంటాయేమో. ఎండిన మనిషి. భుజాన నల్ల గొంగడి. మాట మా వాళ్ళకు సరిగ్గా అర్థమయ్యేది కాదు, వాడికి మా మాట అర్థమయ్యేది కాదు. "నేను తియ్యలే అమ్మా" అన్నాడు నాతో వరండాలో, నేను ఎవరి తరఫో తెలియక.

కొత్తగా ప్రాక్టీసుకొచ్చిన ఒక కుర్ర వకీలు పైసా తీసుకోకుండా బెయిలు పిటిషన్ వేశాడు. నేను నా సైక్లోస్టైలు కాగితం తీశాను. పేరు రాశాను. చివరి వాక్యం దగ్గరికొచ్చేసరికి ఎంతో తృప్తిగా అనిపించింది, ఈసారి కొట్టెయ్యక్కర్లేదు కదా అని. స్థానికుడు కానందున పరారగును. పైగా ఎర్ర పెన్నుతో కింద గీత కూడా గీశాను.

మేజిస్ట్రేటు గారు కాగితం చూశారు, గీత చూశారు. బెయిలు ఇచ్చారు. అయిదేసి వేల చొప్పున ఇద్దరు జామీనుదారులు ఉండాలి, ఇద్దరూ స్థానికులై ఉండాలి అన్నారు.

మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీపనివాడికి పదివేల జామీను అడిగి, వాళ్ళ అన్నదమ్ముడు వస్తే వేరే జిల్లావాడని కాదన్నారు ఒక మేజిస్ట్రేటు. 1978లో అది సుప్రీంకోర్టుకు పోతే, పేదవాణ్ణి డబ్బుతోనూ జిల్లా సరిహద్దుతోనూ కట్టెయ్యడమేమిటని జస్టిస్ కృష్ణయ్యర్ గారు కడిగేసి, సొంత పూచీ మీద కూడా వదలొచ్చన్నారు. ఆ తీర్పు నాకు తెలియక కాదు. లా కాలేజీ పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

వాడికి మా ఊళ్ళో ఎవరున్నారు? వేపచెట్టు పెద్దలు ఇద్దరికీ కలిపి ఆరొందలు అడిగారు. జైల్లో జమ చేసిన వాడి డబ్బు పదకొండు రూపాయలు. హెడ్డు గారు వాడు చెప్పిన ఊరికి కార్డు రాశాడు. జవాబు రాలేదు. రాదు కూడా. ఆ ఊళ్ళో ఆ కాలంలో ఇళ్ళకు తాళాలేసి, ముసలివాళ్ళను అరుగు మీద కూచోబెట్టి వచ్చేస్తారని తరవాత ఎవరో చెప్పారు.

బెయిలొచ్చిన మనిషి జైల్లో ఉన్నాడు. పదిహేను రోజులకోసారి పొడిగింపుకు తెచ్చేవాళ్ళు, ఎస్కార్టు దొరికితే. దొరక్కపోతే వారెంటు కాగితం ఒక్కటే వచ్చి, సంతకం పెట్టించుకుని పోయేది. వచ్చినప్పుడల్లా వాణ్ణి నా బల్ల ఎదురుగా గోడవారన కూచోబెట్టేవాళ్ళు. బెయిలు గురించి అడిగేవాడు కాదు. జామీను గురించి అడిగేవాడు కాదు.

"అమ్మా, నా పార పైలమేనా?"

మొదటిసారి నాకు అర్థం కాలేదు. హెడ్డు గారు విప్పి చెప్పాడు, భద్రంగా ఉందా అని అడుగుతున్నాడని. ఉందన్నాను. రెండోసారి వచ్చినప్పుడు, "కర్ర ఎల్తురుల పెట్టిండ్రా, చెమ్మల పెట్టిండ్రా?" అన్నాడు. ఆ కర్ర తనే చెక్కుకున్నాడట, నల్లమల నుంచి తెచ్చుకున్న కొయ్య. ప్రాపర్టీ క్లర్కు లేని వేళ చూసి నేను లోపలికి వెళ్ళాను. సారా క్యాను ఒకటి కారి, పార కింద మడుగు కట్టి ఉంది. కర్ర ఆ తడిలో నానుతోంది. తీసి గోడవైపు జరిపాను. మెడకు కట్టిన అట్టముక్క మీద క్రైం నంబరు సిరా చెదిరిపోయి ఉంది. పిడి దగ్గర కర్ర చేతి అరుగుదలకు నున్నగా, అద్దంలా ఉంది. వచ్చి "బాగానే ఉంది" అన్నాను. తల ఊపాడు.

యాభై ఎనిమిదో రోజున చార్జిషీటు పడింది. హెడ్డు గారి లెక్క తప్పదు. తరవాత పది, పన్నెండు రోజులకు కేసు పిలిచారు. ఆ పొద్దున హెడ్డు గారు వాడి పక్కన గొంతుకూచుని చెప్తుండటం నేను చూశాను. ఒప్పుకుంటే ఉన్న రోజులే శిక్ష కింద పోతాయి, సాయంత్రానికి బయటుంటావు, లేదంటే విచారణ ఎన్నాళ్ళో. ఆయన చెడ్డ బుద్ధితో చెప్పలేదు. నేను విననట్టు ఫైలు తిరగేశాను.

"నేరం ఒప్పుకుంటున్నావా?"

వాడు తల వెనక్కి తిప్పి హెడ్డు గారి వంక చూశాడు. ఇటు తిరిగాడు. "ఒప్పుకుంటనయ్యా."

"ఎవరన్నా భయపెట్టారా?"

"లేదయ్యా."

ఉన్నన్ని రోజులే శిక్ష. సాయంత్రం గొంగడి, పదకొండు రూపాయలు తీసుకుని జైలు నుంచి నేరుగా కోర్టు దగ్గరికే వచ్చాడు. నేను ఇంటికి బయల్దేరుతున్నాను.

"పార ఇస్తరా అమ్మా?"

అప్పీలు గడువు పోవాలనీ, నేరానికి వాడిన వస్తువని తీర్పులో రాశారు కాబట్టి అది తిరిగి ఇవ్వరనీ చెప్పాను. నాకు వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను. కాసేపు నిలబడ్డాడు.

"నన్ను ఇడిస్తిరి, పారను ఇడువకపోతిరి" అన్నాడు. కోపంగా కాదు. లెక్క చూసుకుంటున్నట్టు.

హెడ్డు గారు సొంత డబ్బు ముప్పై రూపాయలు చేతిలో పెట్టి, దోర్నాల మీదుగా పోయే శ్రీశైలం బస్సెక్కించి వచ్చాడు. "ఆడ దిగి అచ్చంపేట బస్సెక్కమన్నాను మేడమ్" అన్నాడు. ఆ సాయంత్రం నేను సైక్లోస్టైలు కట్టను చింపేశానని రాస్తే బాగుండును. చింపలేదు. అవి అయిపోయేదాకా వాడాను. కొత్త స్టెన్సిలు కోయించేటప్పుడు ఆ చివరి ముక్క మాత్రం తీసేయించాను. స్టెన్సిలు కోసేవాడు, "ఒక లైను తగ్గినా అదే రేటు మేడమ్" అన్నాడు.

*

తరవాత చాలా ఊళ్ళు తిరిగాను. టైపు మిషన్లు పోయాయి, కంప్యూటర్లు వచ్చాయి. ఎస్కార్టు బస్సుల బదులు టీవీ తెరలో జైలు కనిపించటం మొదలైంది. తెరలో ముద్దాయి తల తిప్పి ఎవరి వంక చూస్తున్నాడో మనకు తెలియదు. 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు వచ్చాక ఏడేళ్ళ లోపు శిక్షల కేసుల్లో పోలీసులు ఊరికే అరెస్టు చెయ్యకూడదన్నారు, ముందు నోటీసివ్వాలి. "నోటీసిచ్చి పంపిస్తే ఇంకేం భయముంటుంది మేడమ్?" అని నా దగ్గర మొత్తుకున్న ఎస్‌.ఐ.లు ఉన్నారు. రిమాండ్లు తగ్గిన మాట మాత్రం నిజం.

2023 జనవరిలో సుప్రీంకోర్టు, బెయిలు ఉత్తర్వు అదే రోజో మర్నాడో జైలుకు ఈమెయిల్లో పంపాలనీ, వారంలో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలనీ ఆదేశించింది. జామీను కట్టుకోలేని పేద ఖైదీకి 40,000 రూపాయల దాకా సర్కారే ఇచ్చే పథకమూ ఆ ఏడే వచ్చింది. పేపర్లో చదివి ఆరొందలకి నలభై వేలు ఎన్నింతలో వేళ్ళ మీద లెక్కేశాను. 2024 జూలై 1 నుంచి ఆ క్రిమినల్ ప్రొసీజర్ కోడే మారిపోయింది. మా జూనియరు అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, 167 ఇప్పుడు 187, బెయిలు సెక్షన్ 437 ఏమో 480" అంటుంది. నా నోటికి మాత్రం పాతవే వస్తాయి.

రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు, పోస్టు ఖాళీగా ఉందని ఆ పాత కోర్టుకే నన్ను ఇన్‌చార్జిగా వేశారు. వారానికి రెండు రోజులు. అప్పటికి కొత్త కాంప్లెక్సు కట్టి, సామాను మారుస్తున్నారు. వేపచెట్టు ఉంది, కింద పెద్దమనుషులు లేరు. వాళ్ళ పిల్లలు జెరాక్సు షాపులు పెట్టుకున్నారు. నా సందులో పాత కుర్చీలు గుట్టపోసి ఉన్నాయి.

వెనక గది తలుపులు బార్లా తెరిచి, ప్రాపర్టీ క్లర్కు రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు. అటెండరు ఒక్కో వస్తువు పట్టుకొచ్చి చూపిస్తుంటే టిక్కు పెడుతున్నాడు. క్యాన్లు, కుండలు ఎప్పుడో పోయాయి. వాసన మాత్రం గచ్చులోకి ఇంకిపోయింది. ఊరికే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"కత్తి ఒకటి, పిడి విరిగినది. సైకిలు చైను ఒకటి. పార ఒకటి, కర్రతో."

అటెండరు పట్టుకొచ్చాడు. కర్ర లేదు. ఇనుము మాత్రమే ఉంది, తుప్పు పొరలు పొరలుగా లేచిపోయి. అట్టముక్క కట్టిన పురికొస ఉంది, అట్టముక్క లేదు.

"నంబరు కనపడట్లేదు సార్" అన్నాడు అటెండరు.

నంబరు నేను చెప్పాను. కుర్రాడు రిజిస్టరులో వేలు పెట్టి వెతికి, ఆశ్చర్యంగా నా వంక చూసి, "కరెక్టే మేడమ్" అన్నాడు. విలువ కాలమ్‌లో గీత గీసి, ధ్వంసం అని రాసి, తరవాతి వస్తువు తెమ్మన్నాడు.